బేసు గిటారు తేటగీతి: టీకా, తాత్పర్యం

క్రింది మీటను పెంచినఁ గీడు గలుగు
వేలు సమముగ మీటిన బేసు నిలుచు
నడుమ గరగర కొంచెము నాదమునకుఁ
జేర్ప ఫోనులోనైననుఁ జెవికి నిండు

అవతారిక: పడకగదిలో ఒక కంప్యూటరు, గిటారును దానికి కలిపే ఆడియో ఇంటర్‌ఫేసు అనే పెట్టె, నాలుగు తీగల బేసు గిటారు పెట్టుకొని పాట రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో విని మురిసి, మరునాడు అదే పాటను సెల్‌ఫోనులో వింటే బేసు ఎక్కడికి పోయిందో అంతుపట్టక దిగులుపడే వారికోసం ఈ పద్యం పుట్టింది. కర్త పేరు తెలియదు. పక్కింటివారికి జడిసి దాచుకొని ఉండవచ్చు.

ప్రతిపదార్థం: క్రింది మీటను = ఈక్వలైజరులో మంద్రస్థాయిని పెంచే నాబ్‌ను; పెంచినన్ = చాలడం లేదనుకొని కుడివైపు తిప్పితే; కీడు గలుగున్ = పాటంతా హోరెత్తి మాట వినబడకుండా పోతుంది; వేలు = మీటే వేలు; సమముగ మీటినన్ = ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో పలికిస్తే; బేసు నిలుచున్ = ఒక స్వరం ఉరిమి మరొకటి మూలిగే దుస్థితి తప్పుతుంది; నడుమ = మధ్యస్థాయిలో; గరగర కొంచెము = శాచురేషన్ అనబడే స్వల్పమైన కరకుదనాన్ని; నాదమునకున్ చేర్పన్ = ధ్వనికి కలిపితే; ఫోనులోనైననున్ = గోరంత స్పీకరులో కూడా; చెవికి నిండున్ = నిండుగా వినబడుతుంది.

తాత్పర్యం: బేసు నిండుదనం అడుగున కంటే నడుమనే ఎక్కువగా ఉన్నది.

విశేషం: మొదటి పాదంలో "కీడు" అన్న మాట అతిశయోక్తి కాదు. బేసు గిటారులో అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, అంటే 41 హెర్ట్జ్. గాలిలో ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం తరంగంలో సగానికి సరిపోయినప్పుడు ఆ స్వరం గదిలోనే నిలిచిపోతుంది కాబట్టి, 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిలో 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర, అనగా ఎఫ్ షార్ప్ స్వరం వద్దా "ఏ" తీగ స్వరం వద్దా, గోడ పక్కన హోరు పుట్టి గది నడుమ శూన్యం ఏర్పడుతుంది. నడిగదిలో కూర్చుని మిక్స్ చేసేవాడు లేని కొరతను ఊహించుకొని నాబ్ తిప్పుతాడు. అసలు దోషి గది. గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే సరిపోతుందనే పూర్వపక్షం నిలవదు, ఎనిమిది మీటర్ల తరంగానికి ఆ అట్ట ఉన్నట్టే తెలియదు.

రెండవ పాదంలో "వేలు" ఏకవచనమేమని శంక. ఛందస్సు కోసమని కొందరు సరిపెట్టుకుంటారు గాని, 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు బేసు వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. కనుక ఏకవచనం సాభిప్రాయం. అంతటి వేలు లేనివారికి కంప్రెసరు ఉంది: నిర్ణీత హద్దు దాటిన ధ్వనిని, 4:1 అని పెడితే, నాలుగు డెసిబెళ్లకు ఒకటిగా అణచివేస్తుంది. అది పనిచేయడం 20, 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలుపెడితే మీటు తాలూకు దెబ్బ బతుకుతుంది.

మూడవ పాదం పద్యానికి ప్రాణం. తీగ 41 హెర్ట్జ్‌తో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కూడా పలుకుతుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు. ఫోను స్పీకరు 41 హెర్ట్జ్‌ను పలకనే పలకదు, కాని పైవరుస హార్మోనిక్స్ అందితే చాలు, వాటి మధ్య దూరాన్ని బట్టి లేని మూలస్వరాన్ని మెదడే కల్పించుకుంటుంది. "గీతాంజలి" (1989) సినిమా పాటల్లో ఇళయరాజా నడిపిన బేసును చిన్న టేప్‌రికార్డర్లలో విన్నవారికీ ఈ ధర్మమే తోడ్పడింది. కరకుదనం ఆ హార్మోనిక్స్‌ను పెంచుతుంది. అడుగు చెడకుండా ఉండాలంటే ట్రాకును రెండుగా చేసి, ఒకదానిలో 150 హెర్ట్జ్ దిగువను శుభ్రంగా ఉంచి, రెండవదానిలో ఆ పైభాగానికే కరకుదనం పూసి, కొద్దిగా కలపాలి. రెండింటిలో ఒకటి కాలంలో జరిగితే అవి కలిసేచోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. "కొంచెము"కు బదులు "మెండుగ" అనే పాఠాంతరం రాక్ సంగీతాభిమానుల ప్రతుల్లో కనబడుతుంది. దానివల్ల ఛందస్సు చెడదు, పాట చెడుతుంది.

నాలుగవ పాదం స్పష్టమే. అయితే కవి ఒక ముఖ్యవిషయం విడిచిపెట్టాడు. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌కు, అందులో బ్యాటరీ లేనప్పుడు, సుమారు పది లక్షల ఓమ్‌ల నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. ఇంటర్‌ఫేసు మీద "ఇన్‌స్ట్" అని రాసి ఉండే చిన్న బొత్తాం అందుకోసమే. అది నొక్కకుండా వైరు గుచ్చితే పైస్థాయి హార్మోనిక్స్ ముందే నశించి, మూడవ పాదానికి పని ఉండదు. కాబట్టి పాఠకులు పద్యం కంఠస్థం చేయడానికి ముందు ఆ బొత్తాం నొక్కి ఉందో లేదో చూసుకోవలెను.