మెరిసిన ప్లేటును నమ్మకండి

ఐజెమ్ పోటీ కోసం ఈ.కోలై బ్యాక్టీరియాలో కొత్త జన్యువులు పెట్టి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న విద్యార్థులారా, ఈ సలహాలు మీకు తలకిందులుగా అనిపిస్తాయి. అయినా పాటించండి.

ప్లేటు నిండా కాలనీలు వస్తే కంగారు పడండి. ముందు ప్లాస్మిడ్ బదులు నీళ్లు కలిపిన కణాల ప్లేటు తీసి చూడండి. అక్కడా కాలనీలుంటే ప్లేటులోని ఆంపిసిలిన్ మందు పనిచేయడం లేదు. అగార్ బాగా వేడిగా ఉండగానే కలిపేసి ఉంటారు. పెద్ద కాలనీ చుట్టూ లేచిన చిన్న చుక్కలను లెక్కలో వేయకండి. పెద్దది వదిలిన బీటా లాక్టమేజ్ ఆ చుట్టుపక్కల మందును విరిచేసింది, ప్లాస్మిడ్ లేనివి కూడా బతికేశాయి.

గడువు ముంచుకొస్తున్నా సరే, మెరవని కణాలను కొలవడానికి సమయం పెట్టండి. ఈ.కోలై తనంతట తానే కాస్త ఆకుపచ్చ వెలుగు ఇస్తుంది, ఎల్‌బీ మీడియం కూడా ఇస్తుంది. అదే ప్లాస్మిడ్ ఉండి జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జన్యువు మాత్రం లేని కణాలు పక్క వెల్‌లో లేకపోతే, మీ ప్రమోటర్ ఎంత పనిచేసిందో చెప్పే దారి లేదు.

అన్నిటికన్నా బలమైన ప్రమోటర్‌ను ఎంచుకోకండి. దీని గురించి గట్టిగా చెప్పాలి. జీఎఫ్‌పీ వల్ల కణానికి ఒరిగేదేమీ లేదు. దాన్ని తయారుచేయడానికి రైబోజోములు, అమైనో ఆమ్లాలు ధారపోయాలి. ఏదో ఒక మ్యుటేషన్‌తో ఆ బరువు దించుకున్న కణం మిగతావాటికన్నా వేగంగా పెరుగుతుంది. మంచి మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, ఈ.కోలై దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది కదా! రాత్రి కల్చర్ పెట్టి, పొద్దున్నే కాస్త తీసి కొత్త మీడియంలో వేస్తూ రోజుల తరబడి సాగదీస్తే, ఫ్లాస్కులో చివరికి మీరు రాసిన డీఎన్‌ఏ మిగలకపోవచ్చు. మధ్యస్థమైన ప్రమోటర్ వాడండి, ప్రతి ప్రయోగాన్నీ గ్లిసరాల్ స్టాక్ నుంచి మొదలుపెట్టండి. వెలుగు తగ్గిపోతే సర్క్యూట్ ఫెయిలైందని రాసేయకండి. ఆ కల్చర్‌నే సీక్వెన్సింగ్‌కు పంపండి. ఎక్కడ ఏ అక్షరం మారిందో బయటపడితే అది పోస్టర్ మీద పెట్టదగిన ఫలితం.

ఎర్రర్ బార్లు చిన్నగా వచ్చాయని మురిసిపోకండి. ఒకే కల్చర్‌ను మూడు వెల్స్‌లో పోస్తే తెలిసేది మీ పిపెట్ నిలకడ మాత్రమే. వేర్వేరు కాలనీలతో, వేర్వేరు రోజుల్లో చేయండి. బార్లు పొడుగవుతాయి, పొడుగవనివ్వండి.

ప్లేట్ రీడర్ ఇచ్చిన అంకెను అలాగే గ్రాఫులో పెట్టకండి. ఓడీని, అంటే కల్చర్ మసకదనపు కొలతను, కణాల సంఖ్యగా మార్చే మూడు పద్ధతులను ఐజెమ్‌లో 244 ల్యాబ్‌లు పరీక్షించాయి. 2020లో ఆ అధ్యయనం అచ్చయింది. సిలికా మైక్రోస్పియర్ల వరుస డైల్యూషన్ అన్నిటికన్నా బాగా తేలింది. వెలుగుకు ఫ్లోరెసీన్ వాడండి. అప్పుడు మీ అంకెను ఇంకో దేశపు విద్యార్థి తన అంకె పక్కన పెట్టి చూసుకోగలడు.

ఇక ఫలితాల పేజీలో పనిచేయని ట్రాన్స్‌ఫర్మేషన్‌ను అన్నిటికన్నా పైన పెట్టండి: ఏ స్ట్రెయిన్, ఎంత డీఎన్‌ఏ, 42 డిగ్రీల దగ్గర ఎన్ని సెకన్లు, ఏ ప్లేటులో ఎన్ని కాలనీలు. ఫొటోలు కత్తిరించకుండా పెట్టండి.