సుత్తి వేసిందెవరు?

స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రా ఓ హిందీ సినిమా పాటకు పేరడీ కట్టాడు. పేరెత్తకుండానే ఓ నాయకుణ్ని గద్దార్ (ద్రోహి) అన్నాడు. 2025 మార్చి 23న వీడియో బయటికొచ్చింది. రాత్రికల్లా మహారాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఏక్‌నాథ్ శిందే శివసైనికులు భుజాలు తడుముకుంటూ, ఆ పాట పాడిన ముంబయి ఖార్‌లోని హాబిటాట్ స్టూడియో మీద పడ్డారు. కామ్రా అక్కడ లేడు. ఉన్న పాపానికి కుర్చీలు విరిగాయి.

మర్నాడే కార్పొరేషన్ వారు సుత్తులతో హాజరు! అక్కడ అక్రమ కట్టడం ఉందట. రోడ్డు మీద గుంత పూడ్చడానికి వానాకాలాలు గడిపేవారికి, రేకుల షెడ్డు కనబడాలంటే పాటే వినబడాలి కాబోలు.

విధ్వంసం కేసులో అరెస్టయినవాళ్లకు ఆరోజే బెయిలొచ్చింది. 2021లో ఇండోర్‌లో షో సాంతం నడవకముందే అరెస్టయిన మరో కమెడియన్ మునవ్వర్ ఫారూఖీ మాత్రం నెల దాటాక, సుప్రీంకోర్టు దాకా వెళ్లి బయటపడ్డాడు. కుర్చీ విరగ్గొట్టి ఉంటే సాయంత్రానికి ఇంటికెళ్లేవాడేమో!