కాఫీ పిప్పితో మేడ

భవన శిథిలాల కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే ప్రాజెక్టులు ఇక శిథిలాల లెక్క చెప్పాలి. ఆ భయం పట్టుకోగానే బిల్డర్లకు భూమాత మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్‌ల పక్కన బ్రోషర్‌లో పచ్చటి ఆకు బొమ్మ ఒకటి వేసి, దాని కింద 'రీసైకిల్డ్ కాంక్రీట్' అని రాసుకుంటే ఫ్లాటు ధర ఇంకో మెట్టు ఎక్కుతుంది.

ఈ మోజుకు కులదైవం కాఫీ పిప్పి. మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు పిప్పిని గాలి తగలకుండా 350 డిగ్రీల వేడిలో బొగ్గు చేశారు. ఇసుకలో 15 శాతం బదులు దాన్ని కలిపితే కాంక్రీటు బలం దాదాపు 30 శాతం పెరిగిందని 2023లో చెప్పారు. మంచి పరిశోధనే, కాదనేవారు లేరు. కానీ ఆ వార్త మన ఫోన్లలోకి వచ్చేసరికి ఇసుక కొరత తీరిపోయింది! మేస్త్రీ సైటుకొచ్చి 'డికాక్షన్ ఏదీ?' అని అడగడమే తరువాయి.

లెక్క చూద్దాం. ప్రపంచమంతా ఏడాదికి మిగిల్చే కాఫీ పిప్పి సుమారు కోటి టన్నులు. ఇసుక, కంకర వాడకం ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనాలో 5,000 కోట్ల టన్నులు. అంటే భూగోళం మీది ఫిల్టర్లన్నీ దులిపి పోగేసినా అయిదు వేలలో ఒక వంతు. ఎండబెట్టి బొగ్గు చేశాక అందులోనూ సగానికి పైగా మాయం.

అయినా పిప్పి కథ ఆగదు. ఉడిపి హోటల్ వెనకున్న బకెట్టుకీ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లేచే నలభై అంతస్తుల టవర్‌కీ ముడిపెట్టే వీడియో ఒకటి రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. పంపేవారి వీధి చివర చెరువులో నిన్న రాత్రే ఒక ట్రాక్టర్ పెళ్లలు దిగాయి. దాని మీద వీడియో రాలేదు.

వాడేసిన డైపర్లను శుభ్రం చేసి, కాంక్రీటులో కొంత ఇసుకకు బదులు కలిపి జపాన్ పరిశోధకులు ఇండోనేసియాలో చిన్న ఇల్లు కూడా కట్టారు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఈ పేజీ ఒప్పుకోదు.

నవ్వు ఇక్కడితో చాలు. పగిలిన కాంక్రీటును కంకర చేయడానికి డైపర్లూ వద్దు, డికాక్షనూ వద్దు. క్రషర్ కావాలి, జల్లెడ కావాలి, అక్కడిదాకా లారీని నడిపించే నిజాయితీ కావాలి. ఢిల్లీ బురారీలో 2009లోనే ప్లాంటు వచ్చింది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు రోజుకు 500 టన్నుల చొప్పున నలిపే సామర్థ్యంతో పెట్టినవి. అయినా అర్ధరాత్రి ట్రాక్టర్లు చెరువు గట్టునే వెతుక్కుంటాయి. రవాణా డబ్బు మిగులుతుంది, చెరువు కుంచించుకుపోతుంది, కొన్నాళ్లకు అక్కడే ప్లాట్లు లేస్తాయి. ఇది దొంగతనం. దీనికి ఆకు బొమ్మ వేయడం సిగ్గుమాలినతనం.

ప్రభుత్వాలేమీ తక్కువ తినలేదు. 2019 జూన్‌లో ఉండవల్లిలో కూల్చిన ప్రభుత్వ సమావేశ మందిరం ప్రజావేదిక శిథిలాలు 2024లోనూ అక్కడే ఉన్నాయి.

పైగా శిథిలాలు నలిపి తీసిన పాత కంకరతో మేడంతా లేపేస్తామన్నట్టు చెప్పుకోవడం ఒకటి! ఐఎస్ 383 ప్రమాణం 2016లోనే గీత గీసింది: ఇనుము వేసిన కాంక్రీటులో, అదీ ఎం25 గ్రేడు దాకానే, నలిపిన కాంక్రీటు కంకర 20 శాతం మించకూడదు. ఎత్తైన టవర్ల స్తంభాలకు అంతకన్నా గట్టి కాంక్రీటే వాడతారు. ఈ గీతకు కారణముంది. పాత సిమెంటు, ఇసుక పొర కంకరకు అంటుకుని నీళ్లు తాగేస్తుంది, ఇటుక ముక్కలు, ప్లాస్టరు కలిస్తే ఇంకా అన్యాయం. ఇక కాంక్రీటు వల్ల వచ్చే కార్బన్‌లో సింహభాగం సిమెంటుదే. కంకర మార్చి సిమెంటు బస్తాలు అలాగే దించుకుంటూ 'గ్రీన్' అనడం, బిర్యానీలో కరివేపాకు తగ్గించి పథ్యం అనడం లాంటిది.

అదే ప్రమాణం ఎం15 కంటే తక్కువ కాంక్రీటులో, అంటే పునాది కింద వేసే బెడ్డు లాంటి చోట, నూటికి నూరు శాతం పాత కంకర వాడుకోమంది. ఇప్పుడు కట్టే దాదాపు ప్రతి ఇంటి కిందా ఆ బెడ్డు ఉంటుంది. కానీ మట్టిలో పూడిపోయే బెడ్డును ఫొటో తీసి బ్రోషర్‌లో వేసుకోలేరు.

ఫ్లాటు చూడ్డానికి వెళ్లినవారు సేల్స్ కుర్రాడు ఇచ్చే కాఫీ తాగేసి ఒక్క మాట అడగండి: ఇక్కడ కూల్చిన పాత ఇంటి పెళ్లలు ఏ ప్లాంటుకు వెళ్లాయి? వేబ్రిడ్జి చీటీలు చూపించమనండి.