మొలవని తీగ

పుట్టింది ఇంటి వైరింగు కోసం. ఏ గోడలోనో దూరి ఫ్యాను తిప్పుకోవాల్సినదాన్ని. కోనసీమలో హామ్ రేడియో పిచ్చి ఉన్న ఒక మాస్టారు 90 మీటర్ల చుట్టలు నాలుగు కొని, ఒక్కోదాన్నీ ఆరు ముక్కలు చేశారు. ఆ 24 మందిలో నేనొకదాన్ని.

160 మీటర్ల బ్యాండుకి ఏంటెన్నా అప్పటికే ఉంది. కొబ్బరిచెట్టు వెంట 15 మీటర్లు ఎక్కి, పక్క చెట్టు మీదికి అడ్డంగా సాగిన తీగ. ఎర్తుకి బొగ్గూ ఉప్పూ వేసి పాతిన కడ్డీ. రేడియోకీ ఏంటెన్నాకీ పొత్తు కుదిరిందో లేదో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఒకటికి ఒకటి, అంటే భేషని చూపిస్తోంది. అయినా రాత్రంతా మోర్స్ కొట్టినా పలికేవాడు లేడు.

ఆ ఏంటెన్నా తరంగాలు పంపడానికి పనికొచ్చేది 12 ఓములే. మిగతా 38 మట్టి నష్టం. రెండూ కలిసి సరిగ్గా రేడియో కోరుకునే 50 కావడంతో మీటరు మురిసిపోయింది. 100 వాట్లు పోస్తే 24 గాల్లోకి, 76 వానపాముల చలిమంటకి!

ఏంటెన్నా కరెంటు చుట్టూ ఉన్న నేల పైపొరల్లోంచే తిరిగి మొదటికి రావాలి. పిడుగుకీ షాకుకీ కడ్డీ ఉండాల్సిందే, ఈ పనికి మాత్రం చాలదు. 1937లోనే అమెరికాలో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టైన్ ఆ కరెంటుకి దారిగా నేలలో 113 తీగల దాకా పరిచి కొలిచారు. మాస్టారికి అంత తోటా లేదు, అంత డబ్బూ లేదు. పొడుగువి నాలుగు వేసేకంటే పొట్టివి ఎక్కువ వేయడమే మేలనుకున్నారు. మంచి పని చేశారు.

గునపంతో గాడి తీసి, రెండంగుళాల లోతున మమ్మల్ని పడుకోబెడుతుంటే కొబ్బరి దింపుకొచ్చినాయన అడిగాడు.

“కంద నాటుతున్నారా మాస్టారూ?”

“కాదోయ్, రాగి.”

“రాగులు ఈ నేలలో పండవండీ బాబూ!”

మా కొసలన్నీ చెట్టు మొదట్లో రాగి రింగుకి సోల్డర్ చేశారు. తీరా చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 2.8. ఉన్నదీ చెడిందని మాస్టారు డీలా పడి, తన గురువుగారికి ఫోన్ చేశారు. ఆయన నవ్వారట. మట్టి వాటా ఆరు ఓములకి దిగింది కాబట్టి మొత్తం 18, గాల్లోకి ఇప్పుడు 67 వాట్లు. ఫెరైట్ రింగు మీద అయిదు చుట్లకి మూడు చుట్ల లెక్కన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టగానే మీటరూ దారికొచ్చింది.

ఆ చలికాలం జపాను నుంచి జవాబులొచ్చాయి. మొన్న కాలవగట్టు వైపు తీగని పందికొక్కు కొరికేసింది. 23 మందిమి ఉన్నాం, మీటరుకి తేడా తెలియనే లేదు. మాస్టారు మాత్రం టార్చిలైటూ గునపమూ పట్టుకుని బయల్దేరారు.