మాట అందుకునే యంత్రం

నేను టీటీవైని. వినలేనివారి కోసం, టైపు చేసిన అక్షరాలను శబ్దాలుగా మార్చి టెలిఫోను తీగ మీద పంపుతాను. 1964లో కాలిఫోర్నియాలో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతికశాస్త్రవేత్త టెలిప్రింటరును టెలిఫోనుతో కలిపాడు. నా వంశం అక్కణ్నుంచే. పాత కృష్ణా జిల్లా మెట్టలో, జగ్గయ్యపేట, నందిగామల్లో నన్ను ఎరిగినవారు అరుదు. అక్కడివారికి తెలిసింది తంతి, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. నా కోడూ పాత టెలిప్రింటర్లదే. అందులో ఉన్నవి 32 సంకేతాలే కనుక ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు ఇమడదు.

1990ల్లో అల్ట్రాటెక్ కంపెనీ నాకు టర్బో కోడ్ నేర్పింది. వేగం పెరిగిందని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెప్పు గురి తప్పిందనిపిస్తుంది. పాత పద్ధతిలోనే సెకనుకు ఆరు అక్షరాలు పంపేదాన్ని, అంటే నిమిషానికి 60 మాటలు. చాలామంది వేళ్లు అంత వేగంగా ఆడవు. అసలు చిక్కు వేరు. ఇద్దరూ ఒకేసారి కొడితే అక్షరాలు కలగాపులగమయ్యేవి. అందుకే ఒకరు ముగించి ‘జీఏ’ అని, అంటే ‘ఇక మీరు కానివ్వండి’ అని, కొట్టేదాకా రెండోవారు చేతులు కట్టుకోవాల్సిందే. మిర్చి బేరంలో వ్యాపారి ధర, తరుగు, కూలి అన్నీ ఏకరువు పెట్టేదాకా రైతు నోరెత్తకూడదంటే అది బేరమవుతుందా? టర్బోలో అవతలివారు మధ్యలో మాట అందుకోవచ్చు. నాకు దక్కిన లాభమల్లా అదే.

వీడియో కాల్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? సైగల భాష తెలిసిన ఇద్దరికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. ఆసుపత్రిలోనో పోలీసు స్టేషనులోనో ఫోనెత్తినవారికి ఆ భాష రాకపోతే? వాట్సాప్ ఉందిగా అంటే, అందులోనూ రాసి పంపేదాకా అవతలివారికి ఏమీ కనబడదు. అది నా ‘జీఏ’కు తమ్ముడే. నాలోనూ లోపముంది. రెండు చివర్లా టర్బో ఉండాలి, లేకుంటే పాత నడకే గతి. 2016 డిసెంబరులో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ నా స్థానంలో రియల్ టైమ్ టెక్స్ట్‌ను అనుమతించింది. అందులో కొట్టిన అక్షరం కొట్టినట్టే అవతల కనిపిస్తుంది, అదీ యూనికోడ్‌లో, కనుక తెలుగూ వెళ్తుంది.

సమాచార సాధనాలు వికలాంగులకూ అందాలని మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. నందిగామ, జగ్గయ్యపేట ఆఫీసుల అధికారులారా, నన్ను తెచ్చిపెట్టనక్కర్లేదు. మీ బోర్డు మీద ఫోను నంబరు పక్కన, రాసి అడిగేవారికి రాతలోనే వెంటనే బదులిచ్చే నంబరు కూడా వేయించండి.