ముత్యాల షావుకారు

నవ్వితే నవ్వండి, నేనేమీ అనుకోను. గోపాల్‌పేటలో ముత్యాలు పండించి, హైదరాబాద్ పత్తర్‌గట్టీ షావుకార్లతో బేరమాడదామనుకున్న మొనగాణ్ని నేనే. ఫోన్‌లో ఒక్క వీడియో చూశా. ఆ రాత్రే మా ఆవిడ హారం ఎన్ని పేటలుండాలో తేలిపోయింది.

జపాన్‌లో మికిమోటో 1893లో పెంపుడు ముత్యం తీసేదాకా ఏళ్లకేళ్లు చిప్పలతో తంటాలు పడ్డాడట. పాపం, ఆయన కాలంలో వీడియోలు లేవు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల సంస్థలో ఈ సాగు నేర్పిస్తారని తెలిసీ నేను పోలేదు. స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని చిన్నప్పుడే విన్నవాడికి ఇంకా శిక్షణేంటి?

చెరువులో చేపలు పట్టే తమ్ముణ్ని బతిమాలి సంచెడు ఆల్చిప్పలు తెప్పించా. "ఏం జేస్తవన్నా, కూరొండుతవా?" అన్నాడు. వాడి అమాయకత్వానికి జాలిపడ్డా.

ఇక ఆపరేషన్. చిప్ప రెండు తలుపుల్నీ లోపలి కండరాలు బిగించి పట్టుకుంటాయి. వాటిని నొప్పించకుండా సన్నటి సందు చేసి, పెంకుకూ దాన్ని కట్టే మెత్తటి పొరకూ మధ్య పూసను దూర్చాలి. ఆ పొర పూస మీద మెరిసే సున్నపు పూత వేస్తూ పోతే ఏడాదికో ఏడాదిన్నరకో ముత్యం. నేను స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పా. కండరం పుటుక్కుమంది. అన్నిటికీ అదే వైద్యం!

మిగిలిన ప్రాణాన్ని బోరునీళ్లు తీశాయి. ఆల్చిప్ప నీళ్లు వడగట్టుకుని అందులోని నాచు తిని బతుకుతుంది. నేను తొట్టిలో పోసిన తేటనీళ్లు దానికి ఖాళీ విస్తరి.

సరిగ్గా అప్పుడే వియ్యంకులొచ్చారు, ముత్యాల తోట చూపిస్తా రండన్నా, తొట్టి మూత తీశా, వాసన ముందు వియ్యపురాలికి తగిలింది, ఆపైన వీధికి, కుక్కలొచ్చాయి, పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి "ఏందిరా, ఎలుక సచ్చిందా?" అని అరిచింది, మా ఆవిడ ముక్కుకు కొంగడ్డం పెట్టుకుని లోపలికి పోయింది, నేను మాత్రం "ఇట్లనే ఉంటది, ఇది ప్రాసెస్" అంటూనే ఉన్నా.

పరువు పోయాక పుస్తకం తెరిచా. నత్త, ఆల్చిప్ప, ఆక్టోపస్ అన్నీ మెత్తటి ఒళ్లున్న ఒకే వంశమట, మొలస్కా. ఆక్టోపస్‌కు మూడు గుండెలు, నీలం నెత్తురు, బోలెడు తెలివి. మన చెరువు నత్తకు మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. చెరువెండితే తలుపేసుకుని బురదలో పడుకుంటుంది. ఆల్చిప్పకైతే అసలు తలే లేదు. అయినా అది చెరువులో హాయిగా బతికింది, తలున్న నా చేతిలో పడేదాకా.

ఆ వీడియో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది, మీరూ లెక్కలేసే ఉంటారు, నా దగ్గర దాపరికమెందుకు? పెట్టేదుంటే ముందు శిక్షణకు పొండి. తొట్టి మాత్రం కొత్తది కొనకండి. నాది కడిగి ఉంచా, సగం ధరకిస్తా.