అవుట్‌లైన్ ఇచ్చిన వాక్యానికి టీక

మూలం: “మా చిన్నోడి డ్రాయింగ్. అంతా వాడే వేశాడు. మేం జస్ట్ అవుట్‌లైన్ ఇచ్చాం.”

అవతారిక. “పిల్లల సృజన నుంచి పెద్దలూ నేర్చుకుందాం” అని అపార్ట్‌మెంట్ సంఘం పెట్టిన బొమ్మల పోటీకి, నాలుగేళ్ల పుత్రుడి తరఫున ఒకానొక తండ్రి వాట్సాప్ గ్రూపులో అనుగ్రహించిన వాక్యత్రయమిది. జతపరిచిన చిత్రంలో రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద పడవ, పక్కన కొబ్బరిచెట్టు. సూర్యుడు స్టీలు గ్లాసు బోర్లించి గీసినంత గుండ్రం. ఆకాశం నీలం. రంగు ఎక్కడా గీత దాటలేదు.

ప్రతిపదార్థం. స్పష్టం.

వ్యాకరణ విశేషం. “వాడే” అన్నచోట ఏకారం అవధారణార్థకం. వేసినవాడు వాడు తప్ప అన్యుడు కాడని నిశ్చయం. మరుసటి వాక్యంలోనే “మేం” దిగి ఆ నిశ్చయాన్ని కూలదోసింది. విరోధాభాసమని సమర్థిద్దామంటే, ఆభాసమైనప్పుడు పరిహారం ఉండాలి. ఇక్కడ ఉన్నది విరోధం మాత్రమే.

ఇక కర్త ఎవడు? చేసేవాడు కర్త, చేయించేవాడు ప్రయోజక కర్త అని బడిలో చెప్పారు. నాలుగేళ్ల చేతికి వేళ్ల మీద పట్టు ఇంకా పూర్తిగా చిక్కదు; గీత తరచు మణికట్టు నుంచో మోచేతి నుంచో వస్తుంది. ఈ పడవ అంచులో వణుకన్నది లేదు. కాబట్టి తండ్రిది ప్రయోజక కర్తృత్వం కూడా కాదు, సాక్షాత్తు కర్తృత్వమే. కొడుకు కరణం. చేతన్, చేన్, తోడన్, తోన్: తృతీయా విభక్తి. పెన్సిలుదీ అదే విభక్తి.

విశేషార్థం. అవుట్‌లైన్ ఇవ్వకపోతే కాగితం మీద ఏం పడేది? మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని వేస్తే సాధారణంగా ఒక సున్న, అందులో కళ్లు, సున్న కిందినుంచే కాళ్లు. మొండెం ఉండదు. ఈ తోకకప్ప మనిషి చాలా దేశాల పిల్లల కాగితాల మీద కనిపించాడు. అమెరికాలో పసిపిల్లల బడి నడిపిన రోడా కెలాగ్ లక్షల కొద్దీ పిల్లల బొమ్మలు పోగుచేసి, పెద్దలు పిచ్చిగీతలని పారేసేవాటిలో 20 మూలరూపాలు ఉన్నాయని 1969 నాటి పుస్తకంలో వర్గీకరించింది. ఫ్రాన్సులో జార్జ్ ఆన్రి ల్యూకే 1927లోనే చెప్పాడు: పిల్లవాడు కంటికి కనబడేది కాదు, తనకు తెలిసింది గీస్తాడని. అందుకే ఇంటి గోడలోంచి మంచం కనబడుతుంది, అమ్మమ్మ కనబడుతుంది, తాతయ్య పొట్టలో ఇడ్లీ సైతం కనబడుతుంది.

ఇదంతా తప్పుల తడక అనేవారు ఒకసారి సిద్దిపేట జిల్లా చేర్యాల పోయి రావాలి. అక్కడి నకాషీ కళాకారులు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి వేసే పటాల్లో వెనకంతా ఎరుపు. ఆ ఎరుపులోనే ఆకాశం, ఆ ఎరుపులోనే నేల. దూరమైంది చిన్నదవాలన్న నియమం లేదు. కథకు పెద్దవాడు బొమ్మలోనూ పెద్దవాడు. పటం మూరల కొద్దీ సాగుతుంది, ఒక గడి తర్వాత ఒక గడి. కాకి పడగలవాళ్ల వంటి కథకులు దాన్ని విప్పుకుంటూ కులపురాణం చెప్పేవారు. చెప్పేవాడి గొంతు లేకపోతే పటం సగమే. గోడకు తగిలించే అలంకారంగా కొనుక్కుపోయేవారికి ఆ సగమే దక్కుతుంది. చేర్యాల ఎరుపు మీద వ్యాఖ్యాతకు ఇంకా చాలా చెప్పాలని ఉంది గానీ, కొబ్బరిచెట్టు కింద తండ్రి వేచి ఉన్నాడు.

పిల్లవాడూ కథకుడే. గీస్తున్నంతసేపూ నోరు ఆడుతూనే ఉంటుంది. “ఇది బస్సు. బస్సుకి కోపమొచ్చింది. అమ్మో, చీకటి పడిపోయింది,” అంటూ నల్ల క్రేయాను తీసి బస్సును, రోడ్డును, అందరినీ కప్పేస్తాడు. “చక్కగా వేసి పాడుచేశావేంట్రా!” అంటుంది తల్లి. పాడుకాలేదమ్మా, కథలో రాత్రయింది. వాడు అరనిమిషం కిందటే ఆ ముక్క చెప్పాడు. అప్పుడు నువ్వు ఫోనులో కొబ్బరిచెట్టు నమూనా వెతుకుతున్నావు.

తన గ్రంథానికి తానే రాసుకునే టీకను స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. శాస్త్రకారులకు అది గౌరవం. కాళిదాసు అలాంటిదేదీ మిగల్చలేదు. దాదాపు వెయ్యేళ్ల తర్వాత మెతుకుసీమలో పుట్టిన కోలాచల మల్లినాథసూరి, కవిని అడిగే వీలులేక, కోశాలూ వ్యాకరణమూ ముందేసుకుని ఒక్కొక్క పదాన్నీ తేల్చాల్సి వచ్చింది. ఈ తండ్రికి ఆ ఇబ్బంది లేదు. కవి బతికే ఉన్నాడు, చాప మీదే ఉన్నాడు, అడక్కుండానే చెబుతున్నాడు. అయినా తండ్రి “ఆకాశం బ్లూ కదా నాన్నా” అంటూ మూలాన్నే దిద్దుతున్నాడు. ఏ వ్యాఖ్యాతా తలపెట్టని సాహసం!

శంక: మరి బహుమతులు ఇవ్వవద్దా? సమాధానం: 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలంటే ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్లో కొందరికి, వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టారు. కొద్దిరోజుల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ఆ పిల్లలు రంగు పెన్నులతో గడిపిన సమయం మిగతావారిలో సుమారు సగం. చెప్పకుండా ఇచ్చినవారిలో ఆ తగ్గుదల లేదు. సంఘం కార్యదర్శి మాత్రం పోటీ ప్రకటనలోనే సర్టిఫికెట్ నమూనా జతపరిచాడు, బంగారు అంచుతో.

తాత్పర్యం. మూలకారుడిది ప్రథమ బహుమతి మీద.

పాఠాంతరం. పక్క బ్లాకు ప్రతిలో “మేం జస్ట్ కలర్స్ ఫిల్ చేశాం” అని ఉంది. రెండు పాఠాలనూ కలిపి చదివితే పిల్లవాడి వాటాకు మిగిలేది కింద మూలన సంతకం. అది మాత్రం నిస్సందేహంగా వాడిదే. ఒక అక్షరం తిరగబడి ఉంది.